ఈస్టరు అనవచ్చునా?

ప్రియ చదువరీ, నీవు వరంగల్లు తట్టునుండి గాని భువనగిరి తట్టునుండి గాని హైదరాబాదునకు బస్సులో వచ్చినయెడల ఉప్పల్ రింగురోడ్డు దగ్గర దిగియుందువు. అక్కడనుండి మరికొంత దూరము పోయినయెడల నాచారము పారిశ్రామికవాడ. ఈ రెండు చోట్లను మన పల్లెల బిడ్డలు అనేకులు కూలినాలి చేసికొనుచు, యంత్రశాలలలో పని చేయుచు కాపురములున్నారు. మనుష్యులు వచ్చినప్పుడు వారి సంఘములును వారితోకూడ వచ్చును గదా! బాప్టిస్టులు, మెథడిస్టులు, లూథరనులు, దక్షిణ ఇండియా సంఘమువారు, కతోలికులు, పెంతెకొస్తువారు, ఏ మిషనుతోను సంబంధము లేని స్వతంత్ర సంఘములవారు ఆ ప్రాంతములలో ఒకరి ప్రక్కన ఒకరు ఆరాధించుచున్నారు. పల్లెలో మాలపల్లెకు ఒక గుడి, మాదిగపల్లెకు ఒక గుడి చూచిన మనకు ఒకే వీధిలో ఇన్ని గుడులుండుట వింతగా తోచును.

ఇన్ని సంఘములు కూడిన చోట ఒకే పండుగకు పెక్కు పేర్లుండుట సహజము. ప్రభువు సమాధిలోనుండి లేచిన దినమును ఒకరు ఈస్టరు అందురు. మరియొకరు పునరుత్థాన పండుగ అందురు. కతోలిక సహోదరులు పాస్కా అందురు. పేర్లు వేరైనను ఆ వేకువజామున పాడు సంగతి ఒక్కటే. ఇంతవరకు చిక్కు లేదు. అయితే కొందరు బోధకులు లేచి, “ఈస్టరు అనునది దేవత పేరు. ఆ మాట పలుకువాడు తెలియకయే విగ్రహమును పూజించుచున్నాడు” అని చెప్పుచున్నారు. ఒకప్పుడు కరపత్రములమీద వచ్చిన ఈ మాట ఇప్పుడు చేతిలోని ఫోనులమీద వచ్చుచున్నది. నాచారములో ఉదయమున పుట్టిన మాట మధ్యాహ్నమునకు మన పల్లె చేరుచున్నది.

అది పల్లెలోని ఒక యింటికి చేరినయెడల ఏమగునో ఆలోచించుము. పట్నములో పనిచేయు కుమారుడు ఇంటికి వచ్చి, చదువురాని తల్లితో, “అమ్మా, ఇన్నేండ్లు నీవు చేసినది అన్యదేవత పండుగ” అనును. ఆమె ఏబది యేండ్లుగా చీకటితోనే లేచి, దీపము పట్టుకొని గుడికి నడచిన స్త్రీ. తన భర్తను సమాధిచేసిన చోట ఆ దినముననే క్రొవ్వొత్తి వెలిగించి, “మరల చూతును” అని నమ్మిన స్త్రీ. ఆమె నమ్మిక అంతయు ఒక మాటవలన వ్యర్థమాయెనా? ఇది పండితుల కాలక్షేపము కాదు. ఒక విశ్వాసురాలి మనస్సాక్షిని గూర్చిన సంగతి. కాబట్టి ఈ నిందను భయముతో నమ్మకయు, కోపముతో త్రోసివేయకయు నిదానించి పరీక్షింతము. అన్నిటిని పరీక్షించి మేలైనదానిని చేపట్టుమని అపొస్తలుడు థెస్సలొనీక సంఘమునకు నేర్పెను గదా.

మొదటి నింద ఇది: ఈస్టరు అనగా బబులోను దేవతయైన ఇష్టారు. లేఖనములలో అష్తారోతు అని చెప్పబడినది ఆమెయే అందురు. ఈ మాట ఎక్కడనుండి వచ్చెను? అపొస్తలుల దినములనుండి రాలేదు, సంఘపితరులనుండియు రాలేదు. స్కాట్లాండు దేశములో అలెగ్జాండరు హిస్లాపు అను పాదిరి 1853లో “రెండు బబులోనులు” అను చిన్న పుస్తకము ప్రచురించి, 1858లో దానిని పెద్దది చేసెను. రోమా సంఘపు ఆచారములన్నియు బబులోనునుండి వచ్చినవని చూపుటయే అతని ఉద్దేశము. ఆ పుస్తకములోనే ఈస్టరు అను మాటను ఇష్టారుతో ముడివేసెను. నేడు మన తెలుగు సంఘములలో తిరుగుచున్న నింద ఆ చెట్టు కొమ్మయే.

అతడు చూపిన ముఖ్యమైన ఆధారము రెండు పేర్ల ధ్వని ఒక్కటిగా నున్నదనుటయే. చదువరీ, ధ్వని కలిసినంతమాత్రమున చుట్టరికము కలుగునా? మనము త్రాగు పాలకును, అపొస్తలుడైన పౌలునకును ధ్వని ఎంత దగ్గర! అంతమాత్రమున పౌలు పాలవాడని యెవడైన చెప్పునా? నాచారము అను ఊరిపేరులో ‘ఆచారము’ అను మాట వినబడుచున్నది. అందువలన అది ఆచారపరుల ఊరు అని వాదింతుమా? ఇష్టారు అనునది బబులోను, అష్షూరు దేశముల భాషలోని పేరు. ఈస్టరు అనునది ఆ దేశములకు బహు దూరమున, ఇంగ్లీషువారి పూర్వికుల నోట పుట్టిన మాట. జర్మనులు ఓస్టర్న్ అందురు. ఈ రెండు భాషలకును ఇష్టారు దేశపు భాషకును పుట్టుకలో సంబంధము లేదు.

ఇంకొక సాక్ష్యము చూడుము. ఇష్టారుకు గుళ్లు కట్టిన ఆ దేశములోనే, నీనెవె ప్రాంతములలో, మొదటి శతాబ్దముల నుండి క్రైస్తవులున్నారు. వారు సిరియా భాషలో ఆరాధించువారు. ఈ పండుగ ఇష్టారునుండి వచ్చినదైతే ఆ పేరు మొదట వారి నోటనే వినబడవలెను గదా! అయితే వారు దీనిని ‘క్యామ్తా’ పండుగ అందురు. అనగా లేచుట, పునరుత్థానము. అరబ్బీ భాష మాటలాడు క్రైస్తవులును అట్లే ‘కియామా’ పండుగ అందురు. ఇష్టారు పొరుగున నివసించినవారికి ఆ పేరు తెలియకుండగా, దూరపు చలిదేశమునకు ఎట్లు పోయెను? వాదము ఇక్కడ కూలిపోవుచున్నది.

హిస్లాపు పుస్తకమును నమ్మి అమెరికాలో రాల్ఫు వుడ్రో అను సువార్తికుడు 1966లో అదే బోధను ఒక గ్రంథముగా వ్రాసెను. అది విస్తారముగా చదువబడెను. తరువాత అతడు హిస్లాపు చూపిన ఆధారములను ఒక్కొక్కటిగా వెదకి చూచి, అవి నిలువవని తెలిసికొని, తన గ్రంథమును మరల అచ్చువేయక, 1997లో ఆ బోధను ఖండించుచు వేరొక పుస్తకము వ్రాసెను. ఇది చిన్న సంగతి కాదు. ఎంతో పేరు తెచ్చిన పుస్తకమును సత్యముకొరకు విడిచిపెట్టుటకు దైవభయము కావలెను. మన వేదికలమీద ఈ బోధను చెప్పువారు మొదటి పుస్తకము సంగతి మాత్రమే గాక రెండవ పుస్తకము సంగతియు చెప్పవలసియున్నది.

అయితే ఈస్టరు అను మాటలో ఏ దేవతయు లేదని మనము తొందరపడి చెప్పకూడదు. న్యాయముగా మాటలాడవలెను. ఇంగ్లాండు దేశపు సన్యాసియైన బీడు అను భక్తుడు 725లో కాలగణనను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. తన జనులు క్రీస్తును ఎరుగక మునుపు ఏప్రిల్ మాసమును ఎయోస్తూరు మాసమని పిలిచిరనియు, ఎయోస్త్రె అను దేవత పేరున ఆ నెలలో పండుగలు చేసిరనియు, తన కాలమున జనులు క్రైస్తవుల పస్కా కాలమును ఆ పాత పేరుతోనే పిలుచుచుండిరనియు అందులో చెప్పెను. ఆ దేవతను గూర్చి మనకు కలిగిన పాత వ్రాత ఇదొక్కటే. ఆమెకు కుందేలు వాహనమనియు, గ్రుడ్లు నైవేద్యమనియు బీడు ఒక్క మాటయు చెప్పలేదు. 1835లో జర్మను పండితుడైన జాకబ్ గ్రిమ్ము ఆ కొద్దిమాటలను పట్టుకొని, జర్మనులకును ఓస్తారా అను దేవత యుండెనని ఊహించెను. 1958లో జర్మనీలో ఒకచోట త్రవ్వకములయందు ఆ ధ్వనిగల పేరుతో స్త్రీదేవతలకు మ్రొక్కుబడిగా చెక్కిన రాళ్లు నూటికి మించి దొరికినవి. కాబట్టి బీడు కట్టుకథ వ్రాసెనని కొట్టివేయుట కష్టము. అతని మాట నిజమై యుండవచ్చును.

భాషాశాస్త్రజ్ఞులు చెప్పు సంగతి ఇంకొకటి కలదు. ఈస్టరు అను మాటయు, ఇంగ్లీషులో తూర్పునకు చెప్పు ఈస్టు అను మాటయు ఒకే వేరునుండి మొలచినవి. ఆ వేరునకు వెలుగు, తెల్లవారుట అని అర్థము. మన నోట వాడబడు ‘ఉషస్సు’ అను సంస్కృతపదము ఆ వేరునకు పుట్టినదే. కాబట్టి ఈస్టరునకు ఇష్టారుతో చుట్టరికము లేదు గాని ఉషస్సుతో కలదు. స్త్రీలు సుగంధద్రవ్యములు పట్టుకొని సమాధియొద్దకు వచ్చినది తెల్లవారుచుండగానే గదా!

సరే, బీడు చెప్పినట్లు అది మొదట దేవత పేరే అనుకొందము. దేవత పేరు నెలకు వచ్చెను. నెల పేరు ఆ నెలలో వచ్చు పండుగకు వచ్చెను. ఇట్లు వచ్చిన పేరు పలుకువాడు విగ్రహారాధికుడగునా? ఈ ప్రశ్నకు లేఖనములే జవాబు చెప్పును.

ఐగుప్తునుండి బయలుదేరిన మాసమునకు నిర్గమకాండము 13వ అధ్యాయములో ఆబీబు అని పేరు. పస్కా ఆ మాసములో ఆచరింపబడెను. ఇశ్రాయేలీయులు బబులోనుకు చెరగా పోయి తిరిగివచ్చిన తరువాత అదే మాసమును నీసాను అనిరి. నెహెమ్యా గ్రంథము 2వ అధ్యాయములోను, ఎస్తేరు గ్రంథము 3వ అధ్యాయములోను ఆ పేరు చూడుము. అది బబులోనువారి మాసపు పేరు. పస్కా మాసమునకే చెరదేశపు పేరు వచ్చినను దేవుని సేవకుడైన నెహెమ్యా దానిని వ్రాయుటకు భయపడలేదు. యూదులు నేటికిని ఒక మాసమును తమ్మూజు అని పిలుచుచున్నారు. ఆ తమ్మూజు కొరకు యెరూషలేము మందిరద్వారమునొద్ద స్త్రీలు ఏడ్చుట యెహెజ్కేలు 8వ అధ్యాయములో హేయకృత్యమని చెప్పబడెను. తమ్మూజును పూజించుట హేయము. తమ్మూజు మాసమున ఫలాని దినమని లెక్కించుట హేయము కాలేదు.

క్రొత్త నిబంధనకు రమ్ము. పౌలు నాటగా నీళ్లు పోసిన అపొల్లో పేరు గ్రీకు దేవుడైన అపొల్లో పేరునుండి వచ్చినది. పౌలునకు సహాయుడైన ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదీతే అను దేవత యున్నది. కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబే పేరు ఒక గ్రీకు దేవతకు చెల్లిన బిరుదు. వీరు బాప్తిస్మము పొందినప్పుడు పేర్లు మార్చుకొనుడని అపొస్తలుడు ఆజ్ఞాపించినట్లు ఎక్కడను లేదు. పౌలు రోమాకు ప్రయాణము చేసినది జంటదేవతల చిహ్నముగల ఓడమీదనే అని అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయము చెప్పుచున్నది. ఓడ చిహ్నమును చూచి అతడు సువార్త ప్రయాణము మానలేదు.

అయినను నిందించువారికి రెండు వచనములు ఆధారముగా కలవు. వాటిని దాచుట న్యాయము కాదు. ఇతర దేవతల పేళ్లు నోట రానియ్యకూడదని నిర్గమకాండము 23వ అధ్యాయము 13వ వచనము ఆజ్ఞాపించుచున్నది. దీనిని మాటమాటకు తీసికొన్నయెడల బయలు, అష్తారోతు, మోలెకు అను పేళ్లు వ్రాసిన ప్రవక్తలే తప్పు చేసినవారగుదురు. ఆ పేళ్లెత్తి ప్రమాణము చేయుట, మ్రొక్కుట, పూజించుట నిషిద్ధమని యెహోషువ 23వ అధ్యాయము 7వ వచనము దాని భావమును విప్పుచున్నది. రెండవది హోషేయ 2వ అధ్యాయము. దేవుడు తన జనులు తనను ఇకమీదట ‘బయలు’ అను మాటతో పిలువకూడదనెను. ఆ మాటకు యజమానుడు అను మంచి అర్థము ఉండినను, ఆ దినములలో వారు నిజముగా బయలును పూజించుచు యెహోవాను దానితో కలిపివేసిరి. గనుక దేవుడు ఆ పేరు తీసివేసెను. నేడు భూమిమీద ఎయోస్త్రెను పూజించుచు ఆమెను క్రీస్తుతో కలుపుకొన్న సంఘము ఏది? మన పల్లెలో ఈస్టరు అను మాట విని దేవతను తలంచువాడు ఒక్కడైన కలడా? ఆ నింద వినకముందు ఆ దేవత పేరే ఎవరికిని తెలియదు. అయితే హోషేయ మాటలో ఒక బుద్ధి మాత్రము కలదు. పేరు జనులను తప్పుదారి పట్టించునప్పుడు దానిని మార్చుట మంచిదే.

మన తెలుగు మాటలను చూచుకొందము. ప్రభువు లేచిన దినమును మన తెలుగు బైబిలు మత్తయి సువార్త 28వ అధ్యాయములో ఏమని చెప్పుచున్నది? ఆదివారము అనియే. ఆదివారమనగా ఆదిత్యవారము, సూర్యుని దినము. ఈస్టరు మానవలెననువాడు ఆదివార ఆరాధనకు రండని పిలుచుట ఎట్లు? కతోలిక సహోదరులు లెంటు దినములకు ఆరంభమైన బుధవారమును విభూది బుధవారమందురు. విభూది శైవుల మాట. క్రిస్మసు అను మాటలో పూజాబలి అని అర్థమిచ్చు ఇంగ్లీషు మాట కలదు. పూజాబలిని ఒప్పుకొనని సంఘములును సంతోషముగా క్రిస్మసు చేయుచున్నవి. పరిశుద్ధమైనదని ఎంచబడు ‘పునరుత్థానము’ అను మాటనే విడదీయుము. కార్తికమాసములో విష్ణువు నిద్రనుండి లేచునని మన పొరుగువారు ఆచరించు దినమునకు ‘ఉత్థాన ఏకాదశి’ అని పేరు. మాటలను ఇట్లు తవ్వుకొనుచు పోయినయెడల చివరకు మన నోట ప్రార్థనకు ఒక్క మాటయు మిగులదు. తెలుగు మాటలన్నియు మన సంఘముకంటె పాతవి. ఆ మాటలను ప్రభువునకు చెందినవిగా చేయుటయే మన మిషనెరీలును మన తెలుగు కీర్తనకారులును చేసిన పని.

ఇంతవరకు ఈస్టరు అనుట పాపము కాదని చూచితిమి. పాపము కానిదంతయు మంచిదని చెప్పరాదు. ఇప్పుడు రెండవ ప్రక్కకు తిరుగుదము. ఈస్టరు అనుటకు అలవాటుపడిన మనలను కూడ కొన్ని ప్రశ్నలు అడుగవలెను.

ఈస్టరు అను మాట బైబిలులో లేదా? 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయము 4వ వచనమున ఆ మాట ఒక్కసారి కలదు. దానిని చూపి కొందరు ఈస్టరు లేఖనానుసారమైన పేరని వాదింతురు. అది నిలువదు. అక్కడ మూలభాషలోనున్నది పస్కా అను మాటయే. హేరోదు పేతురును చెరలో ఉంచి యూదుల పస్కా గడచువరకు కనిపెట్టెను. మన తెలుగు బైబిలు అక్కడ పస్కా అనియే సరిగా చెప్పుచున్నది. విలియం టిండేలు అను భక్తుడు 1526లో క్రొత్త నిబంధనను ఇంగ్లీషులోనికి తెచ్చినప్పుడు యూదుల పస్కాకు కూడ ఈస్టరు అను మాటనే వాడెను. 1530లో ధర్మశాస్త్రమును తర్జుమా చేయుచు పస్కాకు ‘దాటిపోవుట’ అని అర్థమిచ్చు క్రొత్త ఇంగ్లీషు మాటను కల్పించెను. ఆ పాత వాడుక 1611 వరకు ఒక్కచోట మిగిలిపోయెను. అంతే.

ఇక ముఖ్యమైన ప్రశ్న. ఒక పేరునకు పని ఏమి? అడిగినవానికి సంగతి చెప్పుటయే. మన పల్లెలో పొరుగింటి కాపు, “రేపు మీకేమి పండుగ?” అని అడిగినప్పుడు “ఈస్టరు” అంటిమి. ఆయనకు ఏమి తెలిసెను? ఏమియు తెలియలేదు. ఆ మాట తెలుగు చెవికి మూగమాట. అందులో సమాధి లేదు, క్రీస్తు లేడు, లేచుట లేదు. మూగమాటకు అర్థము ఎవరు ముందు చెప్పుదురో వారిదే ఆ మాట. నేడు పట్నపు అంగళ్లలో ఈస్టరు అనగానే రంగుకాగితము చుట్టిన మిఠాయి గ్రుడ్లు, కుందేలు బొమ్మలు అమ్ముచున్నారు. మన బిడ్డలు ఆ బొమ్మలే పండుగ అనుకొన్నయెడల తప్పు ఎవరిది? పురాతన దేవతది కాదు, అంగడివానిది కాదు. ఖాళీ మాటను బిడ్డల చేతికిచ్చి అర్థము చెప్పని తలిదండ్రులది, ఉపదేశులది.

మట్టలాదివారము అను మాటను దీనితో పోల్చి చూడుము. ఎంత చక్కని పేరు! తాటిమట్టలు, ఈతమట్టలు పట్టుకొని పాటలు పాడుచు ఊరేగు దినము. ఆ పేరు వినినవాడు చిన్నపిల్లవాడైనను సంగతి గ్రహించును. మట్టలు మన చెట్లవి, మాట మన నోటిది, సంగతి సువార్తది. మంచి పేరునకు ఇదియే కొలత.

ఆ కొలతతో ‘పునరుత్థాన పండుగ’ను తూచి చూతము. అర్థము నిండుగానున్నది. బైబిలు మాట. మార్త లాజరు నిమిత్తము ఏడ్చినప్పుడు ప్రభువు తన్ను గూర్చి తానే చెప్పుకొన్న మాట. ఇంతకంటె గౌరవము ఏ పేరునకు కలదు? అయితే రెండు కష్టములు కలవు. మొదటిది, పలుకుట కష్టము. గోడమీద వ్రాయువారును, బ్యానరు అచ్చువేయువారును దీనిని తరచుగా ‘పునరుద్ధానము’ అని చెడగొట్టుచున్నారు. లేచుట అను భావము ‘ఉత్థానము’లో ఉన్నది. ‘త్థ’ పోయినయెడల లేచుట పోయెను! సంఘపెద్దలారా, బ్యానరు కట్టకముందు ఒక్కసారి చదివి చూడుడి. రెండవది, ‘పునర్’ అను మాట వినినప్పుడు మన పొరుగువారికి పునర్జన్మ తోచును. చనిపోయినవాడు వేరొక దేహములో మరల పుట్టుట వారి తలంపు. మనము చెప్పునది అది కాదు. సిలువవేయబడిన ఆ దేహమే, మేకుల గురుతులతోనే, లేచెను. తోమా వ్రేలు పెట్టి చూడవచ్చునన్న దేహము అది. ఈ భేదమును చెప్పని ఉపదేశి ఎంత శుద్ధమైన పేరు వాడినను పని సగమే చేసినవాడు.

తరువాత పస్కా. సంఘపు పేర్లలో ఇది అన్నిటికంటె పాతది. గ్రీకులు, లాటినువారు, ఫ్రెంచివారు, ఇటలీవారు, స్పెయినువారు, రష్యనులు ఆ మాటనే తమతమ యాసలలో పలుకుచున్నారు. ప్రకటన గ్రంథములో హెచ్చరింపబడిన సార్దీస్ సంఘమునకు రెండవ శతాబ్దములో అధ్యక్షుడుగా నున్న మెలితో పస్కాను గూర్చి చేసిన ప్రసంగము ఎంతోకాలము మరుగైయుండి 1940లో అచ్చువేయబడెను. ఐగుప్తులోని గొఱ్ఱెపిల్లయు కల్వరిలోని గొఱ్ఱెపిల్లయు ఒక్క వరుసలో అందులో చూపబడిరి. ఆ కాలమున పస్కా అనగా ప్రభువు మరణమును లేచుటయు రెండును కలిసిన పండుగ. మన పస్కాయైన క్రీస్తు వధింపబడెనని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయములో పౌలును ఆ భావమే చెప్పెను. పునరుత్థాన పండుగ అను పేరు ఆదివారమును మాత్రము చెప్పును. పస్కా శుక్రవారమును ఆదివారమును విడదీయనియ్యదు. అయితే మన ప్రొటెస్టంటు సంఘములలో పస్కా అనగా యూదుల పండుగ అని మాత్రమే వాడుక. కతోలిక సహోదరులు పాస్కా అన్నప్పుడు వారు యూదుల ఆచారమును చేయుచున్నారని మనలో కొందరు తప్పుగా అనుకొందురు. ఉప్పలునకు దగ్గరనే, రామంతాపూరులో, వారి గురువులు తర్ఫీదు పొందు పునీత యోహాను ప్రాంతీయ గురువిద్యాలయము కలదు. అక్కడి గురువులను అడిగినయెడల ఈ మాటకు అర్థము సంతోషముగా చెప్పుదురు. అడుగకయే తీర్పు తీర్చుట మన బలహీనత.

ప్రియులారా, ఈ పండుగను గూర్చి సంఘములో పుట్టిన తగవులలో పేరు తగవు చిన్నది. దినమును గూర్చిన తగవు దానికంటె పాతది, గట్టిది. చిన్న ఆసియాలోని సంఘములు యూదుల నెలలో 14వ దినమున, ఏ వారమైనను సరే, పస్కా ఆచరించెడివి. రోమావారు ఆదివారముననే ఆచరించిరి. సుమారు 155లో స్ముర్న సంఘాధ్యక్షుడైన పోలికార్పు వృద్ధాప్యములో రోమాకు పోయి, అక్కడి అధ్యక్షుడైన అనికేతుతో ఈ సంగతి మాటలాడెను. అతడు యోహాను శిష్యుడు. ఇతడు రోమా పెద్దల ఆచారము పట్టుకొన్నవాడు. ఒకరినొకరు ఒప్పించలేకపోయిరి. ఏమి చేసిరి? విడిపోయిరా? లేదు. ఇద్దరును కలిసి ప్రభురాత్రి భోజనములో పాలుపొందిరి. అనికేతు గౌరవార్థమై ఆ సంస్కారమును పోలికార్పుచేత జరిపించెను. సమాధానముతో వెళ్లిపోయిరి. సుమారు 190లో రోమా అధ్యక్షుడైన విక్టరు ఆసియా సంఘములను వెలివేయబూనగా, లియోను సంఘాధ్యక్షుడైన ఐరేనియస్ పోలికార్పు సంగతి జ్ఞాపకము చేసి అతనిని మందలించెను. ఐరేనియస్ అను పేరునకు సమాధానపరుడని అర్థము. 325లో నీకయ సభ కూడి అందరును ఒకే ఆదివారమున ఆచరించునట్లు తీర్మానించెను. అయినను పంచాంగ భేదమువలన తూర్పు సంఘములకును పడమటి సంఘములకును నేటికిని దినము తరచుగా కలియదు. 2025లో మాత్రము ఇరువురికిని ఏప్రిల్ 20న కలిసివచ్చెను.

దినము వేరైనను ఒకే బల్లయొద్ద కూర్చుండిన పోలికార్పు, అనికేతులను చూడుము. పేరు వేరైనందున ఒకే వీధిలోనివారు పలుకరించుకొనకపోవుటను చూడుము. ఏది క్రీస్తు మార్గము? ఒకడు ఒక దినమును మంచిదని ఎంచును, ఇంకొకడు అన్ని దినములను సమానముగా ఎంచును. ప్రతివాడు తనమట్టుకు తాను రూఢిపరచుకొనవలెనని రోమా పత్రిక 14వ అధ్యాయము నేర్పును. దినములకే ఇట్లయినయెడల దినముల పేర్లకు ఎంత ఎక్కువ!

కాబట్టి సంఘపెద్దలకును ఉపదేశులకును తలిదండ్రులకును మా మనవి ఇది. గుడిలోను, గోడలమీదను, కరపత్రములలోను ‘క్రీస్తు పునరుత్థాన పండుగ’ అని సరిగా వ్రాయుడి, నోట పలుకనేర్పుడి. అది తెలుగువారికి సంగతి చెప్పు పేరు. అయినను అలవాటుచొప్పున ఈస్టరు అను వృద్ధురాలిని గద్దింపకుడి. ఆమె నోట ఆ మాట ఎన్నడో ప్రభువు లేచెననుటకు మారుపేరైనది. పాస్కా అను సహోదరుని చూచి ముఖము త్రిప్పుకొనకుడి. లెంటు దినములలో నిర్గమకాండము 12వ అధ్యాయము చదివి పస్కా గొఱ్ఱెపిల్ల సంగతి బిడ్డలకు నేర్పుడి. ఆ దినమున ఏ పేరును పలుకక, ప్రతి ఆదివారమును పునరుత్థాన దినమే అనుకొను సహోదరులును మన మధ్య కలరు. వారిని అవిశ్వాసులుగా ఎంచకుడి. వారు చెప్పునదియు సత్యమే. ఫోనులో వచ్చిన మాటను పదిమందికి పంపకముందు, అది ఎవరు చెప్పిరి, ఎప్పుడు చెప్పిరి, ఏ ఆధారముతో చెప్పిరి అని విచారించుడి. అబద్ధసాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ ఫోనునకును చెల్లును.

చదువరీ, ఉప్పల్లోనున్నను మారుమూల పల్లెలోనున్నను, వచ్చు పండుగనాటి వేకువన నీవు నీవారి సమాధులయొద్దకు పోవుదువు. సున్నము వేసిన ఆ సమాధులమీద క్రొవ్వొత్తి వెలుగునప్పుడు నీ ప్రక్కవాడు ఏ పేరుతో ఆ దినమును పిలుచునో దానిని నీవు లెక్కచేయకుము. రాయి దొర్లింపబడెనా లేదా? సమాధి ఖాళీయా కాదా? ఇదియే నీవు తేల్చుకొనవలసిన ప్రశ్న. ఆయన లేవనియెడల ఎంత శుద్ధమైన పేరైనను మన విశ్వాసమును నిలుపలేదు. ఆయన లేచెను గనుక, మన తల్లులు ఏ పేరుతో పిలిచి ఎదురుచూచినను వారి నిరీక్షణ వ్యర్థము కాదు. పేర్లన్నిటికంటె పై నామము పొందిన ప్రభువు మన సంఘములకు ఒక్క మనస్సును దయచేయునుగాక. ఆమేన్.